రక్తసంబంధము

సంబంధము వెదకునపుడు మనవారు మొట్టమొదట విచారించునది రక్తమును. "మంచి రక్తము", "మన రక్తము", "రక్తము కలియదు", "రక్తము చెడును" అను మాటలు వినబడని పెండ్లి ముచ్చట మా నారాయణఖేడు ప్రాంతమున నేనెరుగను. మాది సరిహద్దు సీమ. అంగడి దినమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాలనుండి వచ్చు లంబాడీల భాష, ఇన్నియు నొక్క తావున వినబడును. బేరమాడునపుడు ఒకరి మాట నొకరు ఎరవు తెచ్చుకొనుటకు ఎవ్వరును జంకరు. కాని పిల్లనిచ్చు ప్రసక్తి వచ్చినంతనే అందరును ఒక్క నమ్మకము నాశ్రయింతురు: కులము రక్తములో నున్నదనియు, అది తండ్రినుండి కొడుకునకు ప్రవహించుననియు, అన్యులతో కలిసిన మైల పడుననియు.

ఈ నమ్మకమును నీతిచేత ఖండించిన పెద్దలు మనలో పెక్కుమంది గలరు. వారి వాదము వలన మనసు మారినవారును గలరు. అయినను "నీతి వేరు, రక్తము వేరు" అని తప్పించుకొనువారి సంఖ్యయే నేటికిని ఎక్కువ. అట్టివారి కొరకు నేనీ వ్యాసమున రక్తమునే సాక్షిగా పిలువదలచితిని. సాక్ష్యము చెప్పబోవునది మన దేహమునందలి జీవకణము.

జీవులన్నియు కణములతో నిర్మితములు. 1665వ సంవత్సరమున రాబర్టు హుక్ అను ఆంగ్లేయుడు పలుచని బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టు గదులవంటి గదులను కనుగొని వానికి పేరు పెట్టెను. 1831లో రాబర్టు బ్రౌన్ మొక్కల కణములలో నొక గుండ్రని బిందువును గమనించి దానిని న్యూక్లియస్ అనెను, మనము కేంద్రకమనుచున్నాము. 1838, 1839 సంవత్సరములలో జర్మనీ దేశపు ష్లైడెన్, ష్వాన్ అను నిరువురు, వృక్షములును జంతువులును కణములతోనే ఏర్పడినవని సిద్ధాంతము చేసిరి.

ఈ కణములు రెండు విధములు. బాక్టీరియా మొదలగువాని కణము ఒంటిగది గుడిసె వంటిది. వంట, పడక, ధాన్యము, దస్తావేజులు, అన్నియు నొక్క తావుననే. రెండవది గదులుగల యిల్లు. దీనినే నిజకేంద్రక కణమందురు. పుట్టగొడుగు, కంది మొక్క, వానపాము, ఎద్దు, మనుష్యుడు, వీని యన్నిటి దేహములును ఈ రెండవ తెగ కణములతో కట్టబడినవే. గదికిని గదికిని నడుమ పలుచని పొరయే గోడ. ఒక్కొక్క గదికి ఒక్కొక్క పని. ఈ గదులను కణాంగములందురు.

అందు ప్రధానమైనది కేంద్రకము. ఇంటి పెద్ద తన పట్టా కాగితములను సందుగలో నుంచి తాళము వేసినట్లు, కణము తన వంశపత్రమైన డి.ఎన్.ఎ.ను రెండు పొరల సంచిలో భద్రపరచును. మన ఒక్క కణములోని ఆ దారమును సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. అంతటి దారము కంటికి కానరాని కేంద్రకములో చుట్టబడి యున్నది. అసలు పత్రము సందుగ దాటి రాదు. పని పడినపుడు దానికి నకలు వ్రాయబడి, కేంద్రకపు పొరలోని రంధ్రముల గుండ వెలుపలికి వచ్చును. తహశీలు కచేరీలో నకలు తీసికొని యెరిగినవారికి ఈ యేర్పాటు వింతగా తోచదు. ఆ నకలును చదివి మాంసకృత్తులను అల్లునవి రైబోసోములు. అల్లినవానిలో పెక్కింటిని మడిచి సరిచేయునది అంతర్జీవద్రవ్యజాలము. ఇటలీ దేశపు కామిల్లో గాల్జీ 1898లో వర్ణించిన గాల్జీ సంక్లిష్టము వానిని మూటగట్టి చేరవలసిన తావులకు పంపును. చెడిన సామగ్రిని అరిగించి మరల వాడుకకు తెచ్చునవి లైసోసోములు. వీనిని బెల్జియము దేశపు క్రిస్టియన్ డి డువ్ 1955లో వెల్లడించెను. ఆకుల కణములలో హరితరేణువులను మరియొక యంగము గలదు. అది సూర్యకాంతిచేత ఆహారమును వండును. ఆ విద్య మనకు లేదు. కావుననే మనము జొన్నచేని మీదను, కందిచేని మీదను ఆధారపడి బ్రతుకుచున్నాము.

ఇక శక్తి మాట. తిన్న అన్నమునుండి శక్తిని తీసి, కణము ఖర్చుపెట్టుకొనదగిన నాణెముగా మార్చునవి మైటోకాండ్రియాలు. ఆ నాణెము పేరు ఎ.టి.పి. దానిని 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి కండరములనుండి వేరుచేసి చూపినవాడు, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. చదువరి ఈ పంక్తి వెంట కనుగ్రుడ్డును కదల్చునపుడు వ్యయమగుచున్నది ఆ నాణెమే.

మైటోకాండ్రియాల పూర్వచరిత్రము మన ప్రసంగమునకు మిక్కిలి అవసరము. 1967లో లిన్ మార్గులిస్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు, ఇవి ఒకప్పుడు స్వతంత్రముగా బ్రతికిన బాక్టీరియాలనియు, మరియొక జాతి కణములో ప్రవేశించి అచటనే స్థిరపడినవనియు వాదించెను. ఆ భావము అంతకు పూర్వము కొందరికి తోచినను ఎవరును లక్ష్యపెట్టియుండలేదు. ఆమె వ్యాసమును గూడ పలు పత్రికలు తిప్పి పంపినవి. తరువాత సాక్ష్యములు ఒకటొకటిగా బయలుపడినవి. మైటోకాండ్రియాకు కేంద్రకముతో నిమిత్తము లేని సొంత డి.ఎన్.ఎ. గలదు; అది బాక్టీరియాలలోవలెనే వలయాకారము. దానికి సొంత రైబోసోములు గలవు. అది తానే రెండుగా చీలి వృద్ధి పొందును. హరితరేణువుల కథయు నిట్టిదే. నూరు కోట్ల సంవత్సరములకు మునుపే పరులుగా వచ్చినవారు ఇంటివారై, ఇంటికి దీపము పెట్టువారైరి. నేడు ఆ యతిథిని వెడలగొట్టినచో గుండెయు కొట్టుకొనదు, మెదడును తలపోయదు.

సాంకర్యమన్న భయపడువా రీ సంగతిని నెమ్మదిగా ఆలోచింపవలెను. మనము శుద్ధమని చెప్పుకొను ఈ దేహములోని కణమే రెండు భిన్నజాతుల కలయిక వలన పుట్టినది. ఆ కలయిక లేనిచో భూమిమీద చెట్టు లేదు, పులుగు లేదు, మనుష్యుడు లేడు, శుద్ధిని గూర్చి వాదించుటకు నోరును లేదు.

ఇప్పుడు రక్తమునకు వత్తము. రక్తమునకు ఎరుపు నిచ్చునవి ఎర్రకణములు. ఒక్క ఘన మిల్లీమీటరు రక్తములో నివి సుమారు 50 లక్షలుండును. ఎముకలలోని మజ్జలో పుట్టునపుడు ఎర్రకణమునకును కేంద్రకము గలదు. కాని రక్తప్రవాహములో దిగుటకు ముందు అది తన కేంద్రకమును వెలుపలికి నెట్టివేయును. పిమ్మట మైటోకాండ్రియాలను గూడ విడిచివేయును. ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిను కొరకు చోటు విడిచి, సన్నని నాళములలో వంగి దూరుటకు అనువుగా, సందుగ లేని యిల్లుగా అది సుమారు 120 దినములు తిరిగి నశించును. అనగా ఏ ఎర్రని రక్తమును మనము వంశమునకు గుర్తుగా చెప్పుకొనుచున్నామో, ఆ యెరుపులో వంశపత్రమే లేదు. కోడి ఎర్రకణములోను, కప్ప ఎర్రకణములోను కేంద్రకముండును. ఆ గౌరవము వానికి దక్కినది గాని మనకు దక్కలేదు.

రక్తములో భేదములే లేవా యన్న, గలవు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ వానిని కనుగొనినందుననే నేడొకరి రక్తము నొకరికి ఎక్కించుట సాధ్యమగుచున్నది. కాని ఎ, బి, ఎబి, ఓ అను ఆ గ్రూపులు అన్ని కులములలోను, అన్ని మతములలోను గలవు. అన్నదమ్ములకు కలియని రక్తము, ఎన్నడును చూడని పరాయివానికి కలియవచ్చును. కాన్పు కష్టమై కోడలికి రక్తము కావలసి వచ్చిన రాత్రి, ఆస్పత్రిలో సంచి మీది గ్రూపును చదువుదురు గాని దాత గోత్రమును చదువరు. ఆ రాత్రి ఇంటి పెద్దలును దానిని అడుగరు. ప్రాణము నిలిచి ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము మరల వెనుకటి మాటలే మొదలగును.

రక్తములో తెల్లకణములును గలవు, వానిలో కేంద్రకమున్నది కదా యని విజ్ఞుడైన చదువరి యడుగవచ్చును. నిజమే. చర్మమునందును, వెంట్రుక మొదట నంటిన కణములందును, చెంప లోపలి పొరయందును గలదు. ఆ కేంద్రకమును తెరచి చూతము. అందు 46 క్రోమోజోములు గలవు. 23 తల్లివి, 23 తండ్రివి. తల్లిదండ్రులిద్దరు, తాతలు అవ్వలు నలుగురు, వారి పైవారు ఎనమండుగురు. ఇట్లు లెక్కించుచు పోయిన పదవ తరమున 1024 స్థానములు వచ్చును. మేనరికములు జరిగిన యిండ్లలో ఒకే మనిషి రెండు మూడు స్థానములలో కనబడవచ్చును, లెక్క మాత్రమిదియే. మన గోత్రము ఈ 1024 స్థానములలో ఒక్కదానిని మాత్రమే పేర్కొనును. తక్కిన 1023 స్థానములలోని వారు ఎవరి గోత్రమువారు? వారిలో సగముమంది స్త్రీలు. వారి పేళ్లు సయితము మన కెరుకలేదు.

మైటోకాండ్రియాల విషయము ఇంతకంటె విచిత్రము. వీనిలోని 37 జన్యువులు మనకు తల్లినుండియే వచ్చును. తండ్రి బీజకణముతో వచ్చిన మైటోకాండ్రియాలు పిండములో నిలువక నశించును. కావున తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి, ఈ వరుసలో నొక దీపము నుండి మరియొక దీపము వెలిగించుకొన్నట్లు ఈ యంగము దిగి వచ్చుచున్నది. వివాహవేదిక మీద వధువు గోత్రము మారినదని పురోహితుడు చెప్పును. ఆమె కణములో నేమియు మారదు. మా నారాయణఖేడు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో నుండెను. ఆ యేట నవంబరు 1న మెదకు జిల్లాలో చేరెను. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాకు వచ్చెను. కాగితములపై మూడు పేరులు మారినను మా నేల నేలగనే యున్నది. ఆడుబిడ్డ గోత్రము మాటయు నంతియే. అయితే తండ్రి గర్వమును దింపి తల్లి గర్వమును ఎక్కించుట నా యుద్దేశము కాదు. కేంద్రకములోని సుమారు 20,000 జన్యువులలో ఇద్దరి పాలును దాదాపు సమానమే. బిడ్డ ఇరువురిదియు నని కణము చెప్పుచున్నది.

ఈ శాస్త్రము మన స్త్రీల కన్నీటిని తుడువగల చోటొకటి గలదు. మా వీథిలో నొక యింట ఇటీవల మూడవ కాన్పునను ఆడుశిశువే కలిగెను. అత్తగారు బాలింత గది ముంగిట కూర్చుండి కోడలిని దూరుచుండెను. కొడుకునకు మారు మనువు చేయవలెనన్న మాటయు నామె నోట వెలువడెను. అప్పు డింటికి వచ్చియున్న కూతురి కూతురు, ఇంటర్మీడియట్ చదువుచున్న పిల్ల, అవ్వ ప్రక్కన కూర్చుండి, "అమ్మమ్మా, పిల్లనో పిలగాడో తేల్చేది అత్త గాదు, మామ" అనెను. తల్లి యిచ్చు లింగక్రోమోజోము ఎల్లప్పుడును ఎక్స్ మాత్రమే. తండ్రి బీజకణములలో సగము ఎక్స్‌ను, సగము వై‌ని మోయును. ఎక్స్ కలిసిన ఆడుబిడ్డ, వై కలిసిన మగబిడ్డ. ఈ సంగతిని ఆ పిల్ల నేలమీద బొగ్గుతో గీతలు గీచి చూపెను. ఎన్ని కాన్పులైనను ప్రతి కాన్పునకు అవకాశము దాదాపు సగము సగమే యనియు, తండ్రికి గూడ ఇందు ఎన్నుకొను శక్తి లేదనియు చెప్పెను.

వృద్ధురాలు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "గట్లనా? మరి గిన్నేండ్లు మాకెవ్వరు చెప్పకపాయె" అనెను. ఆమెయు నలుగురు కూతుండ్రను వరుసగా కని, తన యత్తగారి చేత అదే నిందను మోసినదని ఆనాడే నాకు తెలిసినది. గదిలోని కోడలు ఆ మాటలన్నియు వినెను. తనది దోషము కాదని ఆమె తన యింట వినుట అదియే మొదలు.

లింగక్రోమోజోముల పాత్రను 1905లోనే స్పష్టముగా ప్రకటించినది నెట్టీ స్టీవెన్స్ అను స్త్రీ. పిండిపురుగుల కణములను పరిశీలించి ఆమె దీనిని కనుగొనెను. నూరేండ్లు గడచినను ఆ వార్త మన పురిటిగదికి చేరలేదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఆరేండ్లలోపు మగపిల్లలు 1000 మందికి ఆడుపిల్లలు 919 మంది మాత్రమే యుండిరి. గర్భస్థ శిశువు ఆడో మగో తెలియజేయుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. చట్టము యంత్రమును కట్టివేయగలదు గాని, నోటి నిందను కట్టివేయుట ఇంటివారి పని.

కులశుద్ధి వలన మేలే జరుగుచున్నదని వాదించువారికి మరి యొక సాక్ష్యము గలదు. 1977లో హైదరాబాదున నెలకొల్పబడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, జనులు సి.సి.ఎం.బి. అని పిలుచునది, విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి మన జాతుల జన్యువులను పరిశీలించినది. 2013లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, సుమారు 4200 నుండి 1900 సంవత్సరముల క్రిందట ఈ దేశమున వేర్వేరు మూలములవారు విస్తారముగా కలిసిరి. అడవులలో వేరుగా బ్రతుకు జాతులలోను ఆ కలయిక గుర్తులు గలవు. పిమ్మటనే తలుపులు మూసికొని, ఎవరిలో వారు పెండ్లాడుట బలపడినది. అనగా మనము సనాతనమనుకొను శుద్ధి, కలయిక జరిగిన తరువాత మూసిన తలుపు.

ఆ మూసిన తలుపునకు వెల యున్నది. తండ్రినుండి ఒక ప్రతి, తల్లినుండి ఒక ప్రతి, ఇట్లు ప్రతి జన్యువునకును రెండు ప్రతులుండుట వలన ఒకటి చెడినను రెండవది కాపాడును. చిన్న వలయములోనే తరతరములుగా పెండ్లిండ్లు జరిగినచో, ఒకే పూర్వుని చెడిన ప్రతి రెండు వైపులనుండియు బిడ్డకు చేరు భయము హెచ్చును. 2017లో వెలువడిన పరిశోధనయందు 263 సమూహములను చూడగా, అందు 81 సమూహములలో ఈ మూసిన వలయపు గుర్తులు, ఇందులకు ప్రసిద్ధులైన ఫిన్లాండు జనులలోకంటెను ఎక్కువగా నుండెను. మన తెలుగునాట వైశ్యులలో కొందరికి, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు ఒక కండరశైథిల్యపు మందు సులభముగా విడువక, ఊపిరి తీయు శక్తి చాలసేపు తిరిగి రాకుండుట వైద్యులెరిగిన విషయము. ఆ మందును అరిగించు ఎంజైము లోపించుటయే కారణము. దీనిని దూషణముగా చెప్పుటలేదు; ఏ కులపు వలయమును పరిశీలించినను దానికి తగిన లోపమేదో బయటపడవచ్చును. మేనమామకు పిల్లనిచ్చుటయు, మేనరికములును పరిపాటియైన మన యిండ్లు, సంబంధము నిశ్చయించుటకు ముందు జాతకములతోబాటు వైద్యుని సలహాయు అడుగుట మేలు.

ఇచట నొక హెచ్చరిక. కణములో కులము కానరాలేదు గనుకనే మనుష్యులు సమానులని నేను చెప్పుటలేదు. రేపు ఏ సూక్ష్మదర్శినిలోనో ఏదో భేదము కనబడినను, ఒకనిని బావి వద్దకు రానీయకుండుటకు గాని, ప్రేమించి పెండ్లాడిన పిల్లలను హింసించుటకు గాని అది అనుమతిపత్రము కాజాలదు. సమానత్వము మన ధర్మబుద్ధి మీద నిలువవలసినది. కాని మన ప్రతిపక్షులు రక్తమును ప్రమాణముగా తెచ్చిరి. రక్తము వారి పక్షమున సాక్ష్యము చెప్పదని చూపుటవరకే నా పని.

ఈ సంగతులన్నియు మన పిల్లల పాఠ్యపుస్తకములలో నున్నవే. వారు కణపు బొమ్మను గీచి, భాగములను గుర్తించి, మార్కులు తెచ్చుకొందురు. ఇంటికి వచ్చి అదే నోట "రక్తము కలియదు" అను మాట వినుచుందురు. రెండింటి నడుమ సంబంధమున్నదని వారికి చెప్పువారు లేరు. ఖర్చు లేని ఉపాయమొకటి మనవి చేసెదను. బడిలో సూక్ష్మదర్శిని యున్నచో, ప్రతి విద్యార్థియు శుభ్రమైన పుల్లతో తన చెంప లోపలి భాగమును మెల్లగా గీకి, గాజుపలక మీద నీటిచుక్కలో పూసి, మిథిలీన్ బ్లూ రంగు ఒక చుక్క వేసి చూడవచ్చును. పలుచని రొట్టె ముక్కవంటి కణమును, నడుమ నీలముగా కేంద్రకమును స్పష్టముగా కనబడును. ఉపాధ్యాయుడు ఆ పలకలన్నిటిని పేర్లు తీసివేసి కలిపి పెట్టి, ఏది యే యింటి బిడ్డదో వేరు చేయుడని అడుగవలెను. పిల్లలు ఎంతసేపు చూచినను చెప్పలేరు. తల్లిదండ్రులారా, ఆ దినమున మీరును బడికి వెళ్లి, వరుసలో నిలుచుండి, ఒక్కసారి ఆ గాజులో తొంగిచూడుడు.